చెరిపినవి కూడా చదవవలెను

మా డివిజను విద్యాశాఖకు సమానత్వం అంటే ప్రాణం. ఒక పిల్లకు ఏదైనా సౌకర్యం ఇస్తే, ఆ సౌకర్యం వల్ల ఆ పిల్ల పొరపాటున కూడా సుఖపడకుండా ఎంతో శ్రద్ధ తీసుకుంటారు.

నాకు కళ్ళు కనిపించవు. పదో తరగతి పరీక్ష నా చేత్తో నేనే కంప్యూటరు మీద రాసుకోవచ్చని ఈ ఏడాది ఉత్తర్వు వచ్చింది. అంతవరకు నాకు సహాయ లేఖకురాలు ఉండేది. నేను చెప్తే ఆమె రాయాలి. ఆమె నాకంటే కింది తరగతి పిల్ల అయి ఉండాలి. అట్లా తొమ్మిదో తరగతి భాగీరథి నాకు రాసిపెట్టేది. మంచి పిల్ల. అర్ధ సంవత్సరం పరీక్షలో సగం దూరం పోయాక, "అక్కా, చెయ్యి పీకతాంది. శ్వాసక్రియ ఇంతటితో చాలించుకుందామా?" అని అడిగింది. చాలించుకున్నాం. సాంఘిక శాస్త్రంలో నేను చెప్పిన జవాబు ఆమెకు నచ్చక తన సొంత జవాబు రాసింది. రెండూ తప్పే అని తర్వాత తెలిసింది గానీ, నా తప్పు నేను చేసుకునే అవకాశం మాత్రం పోయింది.

అందుకే కంప్యూటరు వచ్చిన రోజు నాకు పండుగ. అందులో తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్ ఉంది. నేను ఏ మాట కొడితే ఆ మాట చెప్తుంది. ఏమీ లేనిచోట "ఖాళీ" అంటుంది. మా తరగతి వాళ్ళు దానికి రేడియో పిన్ని అని పేరు పెట్టారు. నేను రాసే ఎడిటర్‌కు ఇంకో గుణం ఉంది. చెయ్యి కాసేపు ఆగిందంటే, అప్పటిదాకా రాసినదాన్ని తనంతట తానే ఒక ప్రతిగా దాచేస్తుంది. మార్చి మళ్ళీ ఆగితే అది రెండో ప్రతి. అట్లా ఎన్నయినా. దాచిన ప్రతిసారీ రేడియో పిన్ని "మొదటి ప్రతి దాచబడింది", "రెండవ ప్రతి దాచబడింది" అని లెక్కపెట్టి చెప్తుంది.

"ఇది నీ మంచికే పాపా. మన ఊరి కరెంటు సంగతి నీకు తెలుసు కదా. పోయినా నువ్వు రాసింది పోదు" అన్నారు మా ప్రధానోపాధ్యాయులు ఇబ్రహీం సారు.

నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. రాయడమంటే ఇష్టం. మాట బయటికి పోయాక వెనక్కి రాదు. రాతను మాత్రం ఎవరూ వినకముందే చెరిపేసుకోవచ్చు. ఒక వాక్యం రాస్తాను. ఆగుతాను. సిగ్గేసి చెరిపేస్తాను. ఇంకో వాక్యం రాస్తాను. మళ్ళీ ఆగుతాను.

ప్రీఫైనల్ తెలుగు పరీక్షలో గ్రంథాలయాల ప్రయోజనాలు వివరిస్తూ మిత్రురాలు సుష్మకు లేఖ రాయమన్నారు. 'ప్రియమైన సుష్మకు' అని రాసి ఆగాను. నాకు సుష్మ అనే మిత్రురాలు లేదు. ఉన్న ఒక్క భాగీరథి పక్క వీధిలోనే ఉంటుంది, ఆమెకు లేఖ రాస్తే ఏం రోగమొచ్చిందని అడుగుతుంది. 'మా ఊరిలో గ్రంథాలయం ఉంది' అని రాసి ఆగాను. 'దానికి తాళం కూడా ఉంది' అని రాసి, ఆగి, చెరిపేశాను. ఇట్లా రాస్తూ చెరుపుతూ చివరికి సుష్మ చదివితే వెంటనే గ్రంథాలయానికి పరుగెత్తేంత చక్కని లేఖ తయారు చేశాను. ఫైలు డివిజను కార్యాలయానికి పోయింది.

వారం తిరగకముందే డివిజను విద్యాధికారి దివాకరం గారు జీపులో మా బడికి వచ్చారు. వెంట సాంకేతిక సలహాదారు కూడా వచ్చారు. నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టారు.

"విద్యార్థిని సమర్పించిన ఒక్క సమాధానమునకు గాను బహుళ సంఖ్యలో ప్రతులు వెలుగులోనికి వచ్చినవి" అన్నారు దివాకరం గారు. ఆయన మామూలుగా మాట్లాడినా పక్కన ఎవరో టైపు కొడుతున్నట్టే ఉంటుంది.

"చివరిది చూస్తే సరిపాయె కద సార్" అన్నారు ఇబ్రహీం సారు.

"ఏది చివరిదో నిర్ధారించు అధికారము మనకెక్కడిది? రేపు ఈ అమ్మాయి తన మనస్సులోని సమాధానము మూడవ ప్రతియే అనిన, శాఖ ఏమి చెప్పవలెను?"

నేను అనను అని చెప్దామనుకున్నాను.

"మరియొక విషయము" అన్నారాయన. "చూపు గల విద్యార్థి కాగితముపై కొట్టివేసిన పంక్తి, దిద్దువారికి కనబడుచున్నది. చూపు లేని విద్యార్థిని చెరిపిన పంక్తి కనబడుట లేదు. ఇది చూపు గల వారి పట్ల వివక్ష కాదా?"

"కొట్టేసినదానికి మార్కులు వేయం కద సార్" అన్నారు ఇబ్రహీం సారు.

"వేయము. కానీ కనబడుచున్నది."

వెంటనే సలహాదారు ఉత్తర్వు చదివి వినిపించారు. దాని శీర్షిక 'చెరిపినవి కూడా చదవవలెను'. అందులో, నా ప్రతులన్నిటినీ వేరువేరు సమాధానాలుగా దిద్ది, సగటు మార్కు వేయాలని ఉంది. దిద్దేవాళ్ళకు విద్యార్థినికి లేని సౌకర్యం ఉండకూడదు కాబట్టి వాళ్ళు తెర చూడకూడదనీ, వినే దిద్దాలనీ ఉంది.

మా తెలుగు ఉపాధ్యాయురాలు సుగుణ టీచరుకు ఆ పని అప్పగించారు. తెర మీద తువ్వాలు కప్పి, ఆమెను ముందు కూర్చోబెట్టారు. రేడియో పిన్నికి ఒక పద్ధతి ఉంది. ఏ ప్రతి తెరిచినా పరీక్ష పేరు, నా నంబరు, ప్రశ్న, అన్నీ మొదటినుంచి చదువుతుంది. పొద్దున మొదలుపెడితే అన్నం గంట కొట్టినా సుష్మకు ఇంకా క్షేమసమాచారం దాటలేదు.

"ఎవరే ఆ సుష్మ? యాడుంటాదో చెప్పు, ఉత్తరం నేనే తీసుకపోయి ఇచ్చొస్తా" అంది సుగుణ టీచరు.

మార్కులు వేయడానికి మళ్ళీ మొదటి ప్రతి తెరిచారు. ఫైలు తెరిచి, చేతులు తుడుచుకునేలోపు ఎడిటర్ దాచుకున్నది అది.

"ఖాళీ" అంది రేడియో పిన్ని.

"సున్నా" అన్నారు సలహాదారు.

"ఖాళీ కాగితానికి మార్కులేంది సార్! అందరు పిల్లోళ్ళకీ కాగితం మొదట ఖాళీగానే కద ఉండేది" అంది సుగుణ టీచరు.

"ఉండవచ్చును. కానీ వారు దానిని సమర్పించలేదు" అన్నారు దివాకరం గారు.

చివరి ప్రతికి సుగుణ టీచరు పదికి పది వేసింది. సగటు తీస్తే నేను తప్పాను. దివాకరం గారు నా ఫలితం కింద రాయించిన మాటలు ఇబ్రహీం సారు నాకు చదివి వినిపించారు: 'చివరి ప్రతి శ్రేష్ఠముగా నున్నదని శాఖ అంగీకరించుచున్నది. అయితే ఆ స్థాయికి చేరుటకు ముందు విద్యార్థిని అనేకమార్లు విఫలమైనట్లు రుజువగుచున్నది.'

అందువల్ల పబ్లిక్ పరీక్షలకు నాకు మళ్ళీ సహాయ లేఖకురాలే గతి అన్నారు. ఇబ్రహీం సారు జీపు దాకా వెంటపడి బతిమాలగా, చివరికి ఒక్క అవకాశం ఇచ్చారు. నెల తర్వాత దివాకరం గారి సమక్షంలో నేను మళ్ళీ ఒక లేఖ రాయాలి. అందులో సగటు బాగా వస్తే కంప్యూటరు. లేకపోతే భాగీరథి.

ఈ మధ్యలో సమానత్వం మా బడి అంతటా పాకింది. నేను చెరపడానికి వీల్లేనప్పుడు చూపున్నవాళ్ళు మాత్రం ఎందుకు చెరపాలి? రబ్బర్లన్నీ సిమెంటు సంచిలో వేసుకుపోయారు. తర్వాత డస్టర్లు పోయాయి. నల్లబల్ల నిండిపోయాక లెక్కల సారు గోడ మీద రాశారు. గోడ నిండాక వరండా స్తంభాల మీద రాశారు. పదో తరగతిలో మొదలైన ఒక సమీకరణం ఎనిమిదో తరగతి కిటికీ పక్కన ముగిసిందని, ఎక్స్ విలువ కనుక్కోవడానికి మా తరగతి మొత్తం వరుసగా నడిచి వెళ్ళాల్సి వచ్చిందని భాగీరథి చెప్పింది.

నాకు శిక్షణ మొదలైంది. ప్రతి పుట్టేది ఆగినప్పుడు. ఆగకపోతే ప్రతులు పుట్టవు. ఒక్క ప్రతే ఉంటే సగటు దానిదే.

"పాపా, ఆలోచించుకోవడమనేది ముందే ముగించేసెయ్. కంప్యూటరు ముందర ఆలోచన పెట్టుకోవద్దు" అన్నారు ఇబ్రహీం సారు.

మొదట్లో మాట తోచనప్పుడు ఖాళీ మీటను నొక్కుతూ పోయాను. రేడియో పిన్ని "ఖాళీ, ఖాళీ, ఖాళీ" అని మంత్రం చదివినట్టు చదివింది. ఇబ్రహీం సారు కాసేపు విని, "ఇది దిద్దాలంటే సుగుణ టీచరు ఉద్యోగానికి రాజీనామా చేస్తాది" అన్నారు. దాంతో ఆ దారి మూసుకుపోయింది. తోచినా తోచకపోయినా మాటలే కొట్టాలి.

భాగీరథి రోజూ బడి వదిలాక నా పక్కన కూర్చుని కాపలా కాసేది. నా చెయ్యి నెమ్మదిస్తే మోచేత్తో పొడిచేది.

"ఆగాకు అక్కా! నువ్వు ఆగితే శ్వాసక్రియ మళ్ళా నా నెత్తిన పడతాది."

"ఏం రాయాలో తోచకుంటే?"

"ఏదో ఒకటి. మనసులో ఉండేది కొట్టు పో."

మనసులో ఉన్నది రాసి చెరపకుండా ఉండటం నా జీవితంలో అదే మొదలు. మొదటి రోజుల్లో చెవులు కాలిపోయేవి. రానురాను వేళ్ళు ఆగడం మరిచిపోయాయి.

సలహాదారుకు కూడా నా మీద దయ కలిగింది. పరీక్షలో ఆలోచించడం వల్లే చిక్కు వస్తోంది గనుక ఆలోచనకు వేరే గది కేటాయించాలని ఆయన సూచించారు. మా బడిలో వాలీబాల్ వలలు పెట్టే గది ఆలోచన గది అయింది. ప్రశ్న విన్నాక విద్యార్థిని అందులో కూర్చుని ఆలోచన మొత్తం పూర్తిచేసి, పూర్తయినట్లు ప్రధానోపాధ్యాయుని సంతకం తీసుకుని, అప్పుడు రాతకు రావాలి.

"గదిలో ఆలోచించినది గాక, రాయునప్పుడు కొత్తగా ఏదైనా ఆలోచన వచ్చినచో?" అని అడిగారు దివాకరం గారు.

"ఆపుకోవాలి సార్" అన్నారు సలహాదారు.

ఆ రోజు వచ్చింది. ప్రశ్న దివాకరం గారే స్వయంగా తయారు చేసుకొచ్చారు. 'మీ పాఠశాల గొప్పతనమును వివరిస్తూ డివిజను విద్యాధికారి గారికి లేఖ వ్రాయుము.'

నన్ను ఆలోచన గదిలో కూర్చోబెట్టారు. దుమ్ముకు తుమ్ములు వచ్చాయి. ఆలోచనలు రెండు పేరాలకు సరిపడా వచ్చాయి. పచ్చని చెట్లు, క్రమశిక్షణ, ఉపాధ్యాయుల అంకితభావం. ఇబ్రహీం సారు 'ఆలోచన పూర్తయినది' అని సంతకం పెట్టి నన్ను కంప్యూటరు ముందుకు తీసుకొచ్చారు.

ఫైలు తెరవగానే మీట కొట్టాను. ఖాళీ ప్రతి పుట్టలేదు. చెట్లు అయిపోయాయి. క్రమశిక్షణ అయిపోయింది. అంకితభావం నేననుకున్నదానికంటే తొందరగా అయిపోయింది. ఇంకా సగం పేజీ మిగిలి ఉంది. చెయ్యి ఆగకూడదు. వేళ్ళు తమంతట తామే పోయాయి. నేను ముగించి చెయ్యి తీశాను. "మొదటి ప్రతి దాచబడింది" అంది రేడియో పిన్ని.

ఒకటే ప్రతి అని తెలిసి ఇబ్రహీం సారు పెద్దగా ఊపిరి వదిలారు. తెర మీద తువ్వాలు కప్పారు. అందరూ వినడానికి కూర్చున్నారు. చెట్ల దగ్గర దివాకరం గారు "భేష్" అన్నారు. అంకితభావం దగ్గర సుగుణ టీచరు గొంతు సవరించుకుంది. రేడియో పిన్ని ఏ మాటనూ ఎక్కువ చేయకుండా, ఏ మాటనూ తక్కువ చేయకుండా చదువుకుంటూ పోయింది.

"మా పాఠశాలలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు. అందువల్ల లోపలికి వెళ్ళినవారు బయటికి వినపడేటట్టు ఎక్కాలు చదువుతారు. ఎక్కం వినపడితే లోపల మనిషి ఉన్నట్టు. వినపడకపోతే ఎవరూ లేనట్టు. మధ్యలో మరిచిపోతే ప్రమాదం. కాబట్టి మా పాఠశాల ఆడపిల్లలకు పంతొమ్మిదో ఎక్కం వరకు తడబాటు లేకుండా వచ్చు. మండల గణిత పోటీలో మాకు బహుమతి కూడా వచ్చింది. నాకు కళ్ళు కనిపించవు గనుక ఈ పద్ధతి నాకు అందరికంటే అనుకూలం. కానీ కడుపునొప్పి ఉన్న రోజుల్లో పదిహేడో ఎక్కం చదవడం కష్టం. ఇట్లు, తమ విధేయురాలు, చౌడేశ్వరి."

నాకు భూమిలోకి పోవాలనిపించింది. బయట వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. అది భాగీరథి అని నాకు తెలుసు.

"అమ్మాయీ" అన్నారు దివాకరం గారు. ఆయన గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతులా ఉంది. "చివరి పేరా కొంచెం సవరించమ్మా. చెరిపేసి, చెట్ల గురించి ఇంకో నాలుగు మాటలు రాయి."

"సవరిస్తే ఇంకో ప్రతి అయితాది సార్. సగటు పోతాది."

అంతమంది పెద్దవాళ్ళ ముందు నేను అంత పొడుగు మాట అనడం అదే మొదలు.

"నిబంధన అదే సార్. చెరిపినా చదవాల్సిందే. అందులోనూ ఇది మీ పేర వచ్చిన లేఖ. జిల్లాకు పోయే నివేదికలో చేరిపోతుంది" అన్నారు సలహాదారు.

"నేను పదికి తొమ్మిది వేస్తా. దస్తూరి చూళ్ళేదు కాబట్టి ఒకటి తగ్గిస్తాండా" అంది సుగుణ టీచరు.

దివాకరం గారు మళ్ళీ టైపు గొంతులోకి వెళ్ళిపోయారు. తలుపు లేదను వాక్యమును తొలగించు అధికారము ఎవరికీ లేదు. అయితే తలుపు ఉన్నదని అదే విద్యార్థిని తదుపరి ప్రతిలో చేర్చినచో, నివేదిక ఆ ప్రతితో ముగియును.

"ఉందని రాయి" అన్నారు నాతో.

"తాకి చూసి రాస్తా సార్."

"పరీక్షలు నెత్తిమీదికి వచ్చినాయి సార్" అన్నారు ఇబ్రహీం సారు. "మార్కులు వచ్చినాయి కదా, బిడ్డ అనుమతి కాగితం మీద సంతకం చేసిపోండి."

"అనుమతికిని తలుపునకును అనుబంధము ఏర్పడినది" అని చెప్పి దివాకరం గారు జీపెక్కారు.

ఆ తలుపు కోసం ఇబ్రహీం సారు ఎన్నేళ్ళుగా తిరుగుతున్నారో ఆయనకే గుర్తు లేదు. అడిగినప్పుడల్లా నిధులు లేవనేవారు, నిధులున్నప్పుడు నమూనా లేదనేవారు. ఈసారి మాత్రం మూడో రోజు పొద్దునకల్లా ఇనుప తలుపు ట్రాక్టరులో వచ్చింది. సాయంత్రానికి బిగించారు. మరుసటి రోజు దివాకరం గారు కూడా వచ్చారు. అనుమతి కాగితం జేబులోనే ఉందని, రెండో ప్రతిలో తలుపు వినపడగానే సంతకం చేస్తానని ఇబ్రహీం సారుకు చెప్పారు.

భాగీరథి నన్ను చెయ్యి పట్టి తీసుకుపోయింది. తలుపు తాకాను. మందమైన రేకు. రంగు ఇంకా ఆరలేదు, వేళ్ళకు అంటుకుంది. తెరిచాను, కిర్రుమనలేదు. లోపలికి పోయి మూశాను. గాలి ఆగింది. బయట మాటలు దూరమయ్యాయి. ఎక్కం చదవకుండా అక్కడ నిలబడటం నాకు వింతగా అనిపించింది. గడియ కోసం తడిమాను. పైన లేదు. కింద లేదు. నడుమ లేదు.

"అక్కా, గడియ ఈడుంది" అంది భాగీరథి బయటినుంచి. "ఈ పక్కన బిగించినారు. లోపలోళ్ళు పారిపోకుండా కాబోలు."

నేను బయటికి వచ్చి తాకాను. మంచి గడియ. నూనె కూడా వేశారు.

కంప్యూటరు ముందు కూర్చున్నాను. చుట్టూ పెద్దవాళ్ళు నిలబడ్డారు. ఫైలు తెరిచి, నా లేఖ చివరికి పోయి మీటలు కొట్టడం మొదలుపెట్టాను. రంగు వల్ల వేళ్ళు మీటలకు అతుక్కుంటున్నాయి. రేడియో పిన్ని ఒక్కొక్క మాటా చెప్పుకుంటూ వచ్చింది.

"ఇప్పుడు. తలుపు. ఉంది."

"భేష్!" అన్నారు దివాకరం గారు. కాగితం మడత విప్పిన చప్పుడు, కలం గీసిన చప్పుడు వినిపించాయి. ఆయన సంతకం చాలా పొడుగు. "ఇదిగో, హెడ్మాస్టరు గారూ. పబ్లిక్ పరీక్షలు కంప్యూటరు మీద వ్రాయుటకు అనుమతించడమైనది." ఇబ్రహీం సారు కాగితం అందుకుని వెంటనే బీరువాలో పెట్టారు. తాళం పడిన చప్పుడు వచ్చింది.

అంతసేపూ నా వేళ్ళు ఖాళీ మీటను నొక్కుతూనే ఉన్నాయి. నెల రోజుల అలవాటు, అవి ఆగలేదు.

"గడియ" అంది రేడియో పిన్ని. "బయటివైపు. ఉంది. లోపలివైపు. లేదు."

"చాలు, చాలు" అన్నారు దివాకరం గారు.

"కాబట్టి. ఇప్పుడు. ఎవరైనా. బయట. గడియ. పెడితే. లోపలివారు."

"ఆపమ్మా! ఆపు!"

పెద్దవాళ్ళు అంతగా చెప్తున్నప్పుడు కాదనడం మర్యాద కాదు. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"రెండవ ప్రతి దాచబడింది" అంది రేడియో పిన్ని.